పులి తానే తీసుకున్న ఛాయాచిత్రం: అటవీ అధికారి ఛాంపియన్ జీవితం

ఏటా ఆగస్టు 19న ప్రపంచ ఛాయాచిత్ర దినోత్సవం సందర్భంగా దేశంలోని కెమెరా క్లబ్బులు ప్రదర్శనలు, పోటీలు ఏర్పాటు చేస్తుంటాయి. ఆ ప్రదర్శనశాలల్లో సందర్శకులు ఎక్కువసేపు నిలబడి చూసేవి సాధారణంగా ప్రకృతి విభాగంలోని చిత్రాలే. మడుగులో దప్పిక తీర్చుకుంటున్న పులి, కొమ్మ మీద బద్ధకంగా ఒరిగిన చిరుత, పొదల మాటు నుంచి తొంగిచూస్తున్న ఎలుగుబంటి చూపరులను కట్టిపడేస్తాయి. సరిగ్గా ఐదు రోజుల తరువాత, ఆగస్టు 24న, ఈ చిత్రాలన్నిటికీ ఒక విధంగా మూలపురుషుడైన వ్యక్తి జయంతి వస్తుంది. అది ఎవరికీ పట్టదు. ఆయన పేరు ఫ్రెడరిక్ వాల్టర్ ఛాంపియన్. ఇంటిపేరు ఛాంపియన్ అయినా ఆయన జీవితం పోటీలతో, పతకాలతో ముడిపడినది కాదు. భారతదేశపు అడవిలో స్వేచ్ఛగా తిరిగే పులిని, దాని దారిలో, దాని వేళకు చిత్రించి లోకానికి చూపిన తొలితరం ఛాయాగ్రాహకుల్లో అగ్రగణ్యుడు ఆయన.

ఛాంపియన్ 1893లో ఇంగ్లండ్‌లోని సర్రీ ప్రాంతంలో జన్మించారు. తండ్రి జార్జ్ చార్లెస్ ఛాంపియన్ పేరుపొందిన కీటక శాస్త్రవేత్త. మధ్య అమెరికా అడవుల్లో ఏళ్ల తరబడి సంచరించి అసంఖ్యాకంగా కీటకాలను సేకరించిన మనిషి. పెంకు పురుగుల మీద ఆయన చేసిన కృషి శాస్త్రలోకంలో నేటికీ ప్రామాణికమే. అన్న హ్యారీ జార్జ్ ఛాంపియన్ కూడా అటవీ అధికారిగానే మన దేశానికి వచ్చారు. భారతదేశంలోని అడవులను రకాలుగా విభజించి ఆయన రూపొందించిన వర్గీకరణను, తరువాతి సవరణలతో, ఇప్పటికీ అటవీశాఖలు వాడుతున్నాయి. మన నల్లమల పొడి ఆకురాల్చు అడవి అని అధికారిక పత్రాల్లో రాస్తున్నామంటే ఆ పద్ధతి హ్యారీ ఛాంపియన్ వేసిన పునాది మీద నిలబడినదే. పురుగును చూసినా చెట్టును చూసినా ముందు దాని గుర్తులు నమోదు చేయడం ఆ ఇంటి అలవాటు. తమ్ముడు ఫ్రెడరిక్ అదే అలవాటును పులి దగ్గరకు తీసుకువెళ్లారు.

ఇరవయ్యేళ్ల వయసులో, 1913లో, ఆయన భారతదేశానికి వచ్చి తూర్పు బెంగాల్‌లో పోలీసు అధికారిగా చేరారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. సైన్యంలోకి వెళ్లి వాయవ్య సరిహద్దు ప్రాంతంలో పనిచేశారు. యుద్ధం ముగిశాక పోలీసు ఉద్యోగానికి తిరిగి వెళ్లలేదు. అటవీ సర్వీసులో చేరి సంయుక్త రాష్ట్రాలకు, అంటే నేటి ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ ప్రాంతానికి, నియమితులయ్యారు. శివాలిక్ కొండలు, వాటి పాదాల దగ్గర రాళ్లూ గులకలూ పరచుకున్న భాబర్ నేలలు, సాల వృక్షాల నీడలు, వానాకాలం పోతే ఇసుక మాత్రమే మిగిలే వాగులు. ఆ తరువాత పాతికేళ్లకు పైగా అదే ఆయన లోకం.

ఆ కాలంలో అటవీ అధికారి చేతిలో తుపాకీ ఉండటం వింత కాదు, లేకపోవడమే వింత. పులి వేట హోదాకు చిహ్నం. అయిదో జార్జి చక్రవర్తి 1911లో నేపాల్ తరాయిలో సాగించిన వేటలో 39 పులులు నేలకూలాయి. సర్గుజా మహారాజు తన జీవితకాలంలో వెయ్యికి పైగా పులులను చంపినట్టు తానే చెప్పుకొన్నారు. పులి, చిరుత, అడవికుక్క వంటి జంతువులను చంపినవారికి ప్రభుత్వం బహుమానం కూడా ఇచ్చేది. పులి ఛాయాచిత్రం అంటే అప్పట్లో ఒకటే అర్థం: చచ్చి పడి ఉన్న పులి, దాని తల మీద బూటు కాలు మోపిన దొర. బతికి ఉన్న పులి బొమ్మ కావాలంటే జంతుప్రదర్శనశాల కటకటాల దగ్గరకు వెళ్లాల్సిందే. సరదా కోసం జంతువును చంపడం ఛాంపియన్‌కు గిట్టేది కాదు. అందుకు ఆయన ఉపన్యాసాలు ఇవ్వడంతో సరిపెట్టలేదు. వేటగాడికి దొరికే ఉత్కంఠ, ఓపిక, అడవి పరిజ్ఞానం, చివర్లో చేతికి వచ్చే ఫలం, ఇవన్నీ కెమెరాతోనూ దొరుకుతాయని తానే చేసి చూపించాలనుకున్నారు.

దారి కొంతవరకు అమెరికాలో పడి ఉంది. న్యాయవాది, కొంతకాలం ప్రతినిధుల సభ సభ్యుడు అయిన జార్జ్ షిరాస్ మిషిగన్ సరస్సుల ఒడ్డున రాత్రివేళ మెరుపు వెలుగుతో జింకలను ఛాయాచిత్రాలు తీశారు. కొన్నిసార్లు దారికి అడ్డంగా తీగ కట్టి, జంతువే ఆ తీగను తాకి తన బొమ్మను తానే తీసుకునే ఏర్పాటూ చేశారు. 1906లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక షిరాస్ చిత్రాలు 74 ఒకేసారి ప్రచురించింది. ఛాంపియన్ ఆ పద్ధతిని భారతీయ అడవికి, అందులోనూ పులికి, అన్వయించారు. చెప్పినంత సులువు కాదది. సరస్సు ఒడ్డుకు నీటి కోసం వచ్చే జింక వేరు, ఒక్క రాత్రిలో మైళ్ల కొద్దీ తిరిగి మళ్లీ ఎప్పుడు అటు వస్తుందో తెలియని పులి వేరు.

పని ఇలా ఉండేది. ముందు దారి తెలియాలి. పులి ముళ్లపొదల్లో పడి నడవదు, మెత్తని దారి దొరికితే దాన్నే ఎంచుకుంటుంది. అటవీశాఖ వేసిన బండిబాటలు, ఎండిన వాగుల ఇసుక దానికి ఇష్టమైన రహదారులు. తెల్లవారుజామున ఆ ఇసుకలో పాదముద్రలు చూసి, ఏ పులి, ఎటు నుంచి ఎటు, ఎన్ని రోజులకొకసారి వస్తున్నదో లెక్క కట్టాలి. తరువాత దారి పక్కన కెమెరాను గుంజకు బిగించి, కొమ్మలతో కప్పి, మెగ్నీషియం పొడి నింపిన ఫ్లాష్ పరికరాన్ని తగిన కోణంలో నిలపాలి. దారికి అడ్డంగా కంటికి ఆనని సన్నని తీగ కట్టాలి. పులి కాలు ఆ తీగకు తగిలిన క్షణంలో విద్యుత్ వలయం పూర్తయి పొడి భగ్గుమంటుంది, అదే క్షణంలో షట్టర్ తెరుచుకుంటుంది. కెమెరాలో ఉండేది గాజు ప్లేటు. ఒక అమరికకు ఒక్కటే చిత్రం. మళ్లీ ఎవరైనా వచ్చి కొత్త ప్లేటు, కొత్త పొడి పెట్టేవరకు ఆ కెమెరా గుడ్డిదే.

ఆ ఒక్క చిత్రాన్ని దక్కించుకోవడానికి పులి ఒక్కతే పోటీదారు కాదు. ముళ్లపంది తీగను తాకవచ్చు. కుందేలు తాకవచ్చు, దుప్పి తాకవచ్చు. అడవి ఏనుగు దారిన పోతే తీగేమిటి, కెమెరా కూడా మిగలకపోవచ్చు. మంచుకు పొడి చెమ్మగిల్లితే మెరుపే రాదు. మెరుపు వచ్చినా షట్టర్ ఒక్క లిప్త ఆలస్యమైతే ప్లేటు మీద తోక మాత్రమే ఉంటుంది. పైగా ఛాంపియన్‌కు ఇది ఉద్యోగం కాదు. పగలంతా చెట్ల నరికివేత, మొక్కల పెంపకం, కార్చిచ్చుల నివారణ వంటి అటవీశాఖ పనులు చూసుకుని, విడిది నుంచి విడిదికి తిరుగుతూ, సాయంత్రం చీకటి పడకముందు కెమెరాలు అమర్చుకునేవారు. తొలి పులి చిత్రం దక్కేవరకు గడిచింది వారాలో నెలలో కాదు, కొన్నేళ్లు. ఆ ఏళ్లలో ఆయన విసిగి తుపాకీ పట్టి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

1925 అక్టోబరు 3న లండన్ నుంచి వెలువడే ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ తన మొదటి పేజీలో ఛాంపియన్ తీసిన పులి చిత్రాన్ని అచ్చువేసింది. సహజ ఆవాసంలో తీసిన తొలి పులి చిత్రాలుగా వాటిని ఆ పత్రిక పరిచయం చేసింది. ఇంగ్లండులో చాలామంది పాఠకులకు అప్పటివరకు పులి అంటే గడ్డి కూరిన చర్మమో, సర్కసు బోను లోపలి జంతువో. చీకటిలోంచి నింపాదిగా నడిచివస్తున్న, తనను ఎవరో చూస్తున్నారన్న ఊహ కూడా లేని ఆ పులి వారికి పూర్తిగా కొత్త ప్రాణి. రెండేళ్ల తరువాత, 1927లో, విత్ ఎ కెమెరా ఇన్ టైగర్‌ల్యాండ్ అనే పుస్తకం వెలువడింది. 1930ల తొలి భాగంలో ది జంగిల్ ఇన్ సన్‌లైట్ అండ్ షాడో అనే రెండో పుస్తకం వచ్చింది. వీటిలో పులులే కాదు, చిరుతలు, ఎలుగుబంట్లు, రేచుకుక్కలు, ఇంకా మనిషి పెద్దగా పట్టించుకోని నిశాచరులు ఎన్నో ఉన్నాయి. వేటగాళ్లు వదిలేసిన చిన్న జంతువుల మీద కూడా ఆయనకు అంతే శ్రద్ధ.

రాత్రి చిత్రాలకే ఆయనకు పేరు వచ్చింది గానీ, పగటిపూట ఏనుగు మీద కూర్చుని తీసిన చిత్రాలూ తక్కువవి కావు. ఏనుగును చూసి అడవి జంతువులు అంతగా బెదరవు, పైన కూర్చున్న మనిషిని పట్టించుకోవు. అయితే ఏనుగు క్షణం కూడా నిశ్చలంగా నిలబడదు, ఊపిరి తీసినా అంబారీ కదులుతుంది. ఆనాటి ప్లేట్ల మందకొడితనానికి అది తోడైతే స్పష్టమైన బొమ్మ రావడం ఎంత కష్టమో కెమెరా పట్టినవారు సులువుగా ఊహించగలరు.

చిత్రాలు పోగయ్యేకొద్దీ ఛాంపియన్ వాటిని పక్కపక్కన పెట్టి పరిశీలించడం మొదలుపెట్టారు. తండ్రి పురుగుల రెక్కలను పరిశీలించినట్టే ఇదీ. అప్పుడు ఒక విషయం తేలింది. ఏ రెండు పులుల చారలూ ఒక్కలా లేవు. ముఖం మీద, పక్కల మీద చారల అమరికను బట్టి ఒక పులిని మరొక పులి నుంచి వేరుచేసి గుర్తించవచ్చు. ఆరు నెలల తరువాత వేరే దారిలో చిత్రానికి చిక్కినా అది పాత పులే అని చెప్పవచ్చు. 1920లలో ఒక అటవీ అధికారి తన తీరిక వేళల్లో గమనించిన ఈ సంగతి ఎంత దూరం వెళ్లిందో చెప్పే ముందు ఆయన కథలో ఇంకొక మనిషిని ప్రస్తావించాలి.

ఆ మనిషి జిమ్ కార్బెట్. నరమాంసానికి అలవాటుపడిన పులులను వేటాడిన వీరుడిగా కార్బెట్ పేరు తెలుగు పాఠకులకూ సుపరిచితమే. తుపాకీ నుంచి కెమెరా వైపు మళ్లడానికి తనకు ప్రేరణ ఛాంపియన్ చిత్రాలేనని కార్బెట్ తన రచనల్లో కృతజ్ఞతతో ఒప్పుకున్నారు. 1920ల చివర్లో సినిమా కెమెరా చేతికి వచ్చాక ఆయన కూడా పులులను తెరకెక్కించడంలో మునిగిపోయారు. ఇద్దరూ ఒకే కొండల మనుషులు. అడవి మీద మోటారు కార్లు, విచ్చలవిడి తుపాకీ లైసెన్సులు తెచ్చిపెడుతున్న ముప్పును ఇద్దరూ కళ్లారా చూస్తున్నవారు. రిజర్వు అడవుల్లోకి కార్ల రాకను కట్టడి చేయాలని, లైసెన్సులు తగ్గించాలని, జంతువులను చంపినవారికి ఇచ్చే బహుమానాలు ఆపాలని ఛాంపియన్ పదేపదే రాశారు. ప్రభుత్వ ఉద్యోగి తన ప్రభుత్వమే ఇచ్చే బహుమానాన్ని తప్పుపట్టడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 1936లో గవర్నర్ హెయిలీ పేరిట దేశంలో తొలి జాతీయ వనం ఏర్పడటం వెనుక కార్బెట్, స్మైథీస్ వంటి అటవీ అధికారులతో పాటు ఛాంపియన్ కృషి కూడా ఉంది. ఆ వనమే స్వాతంత్ర్యానంతరం కార్బెట్ పేరు పెట్టుకుంది. 1973లో పులుల సంరక్షణ పథకం ప్రారంభమైనదీ అక్కడి నుంచే. కార్బెట్ పేరు ఇంటింటా తెలిసింది. కెమెరా దారి చూపినవాడి పేరు అటవీ అధికారుల సంభాషణల్లో, పాత పుస్తకాల దుకాణాల్లో మిగిలింది. కథనంలో నరభక్షక పులి ఉంటే దొరికే శ్రోతలు, ఊరికే నడిచిపోయే పులికి దొరకరు కదా.

1947లో ఛాంపియన్ భారతదేశం విడిచి తూర్పు ఆఫ్రికాలోని టాంగన్యీకా వెళ్లి, అక్కడా అటవీ అధికారిగానే పనిచేశారు. ఆ దేశమే నేటి టాంజానియాలో ప్రధాన భాగం. అదే ఏడు కార్బెట్ కెన్యాకు తరలిపోయారు. పదవీ విరమణ తరువాత ఛాంపియన్ బ్రిటన్‌కు తిరిగివచ్చి, 1970లో స్కాట్లండ్‌లో కన్నుమూశారు. మన దేశంలో పులి వేటను నిషేధించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది 1972లో. ఆయన దాన్ని చూడలేదు.

ఆయన జీవించి ఉండగానే ప్రకృతి ఛాయాచిత్రాలకు ప్రత్యేకంగా పోటీలు మొదలయ్యాయి. నేడు ప్రపంచంలో అత్యంత ప్రతిష్ఠాత్మకమైనదిగా భావించే వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీ 1965లో కేవలం మూడు విభాగాలతో ఆరంభమైంది. మన దేశంలో బెంగళూరు కెమెరా క్లబ్బులు ఈ కళకు పుట్టిల్లు అనదగినవి. ఓ.సి. ఎడ్వర్డ్స్, ఆయన దారిలో నడిచిన టి.ఎన్.ఎ. పెరుమాళ్ వంటివారు పక్షులను, జంతువులను చిత్రిస్తూ అంతర్జాతీయ ప్రదర్శనల్లో భారతీయుల పేరు నిలిపారు. ఆ ఒరవడి నేటికీ తగ్గలేదు. 2021లో ఆ ప్రపంచ పోటీలో బాలల విభాగపు అత్యున్నత పురస్కారం బెంగళూరుకు చెందిన పదేళ్ల విద్యున్ హెబ్బార్‌కు దక్కింది. ఆటోరిక్షా నేపథ్యంగా తీసిన సాలెపురుగు చిత్రం అది. పులి దాకా పోనక్కరలేదని ఆ పిల్లవాడు చూపించాడు.

ఛాంపియన్ వాడిన పద్ధతి, అంటే మనిషి లేని చోట జంతువే మీట నొక్కే పద్ధతి, ఈ పోటీల్లో పదేపదే అగ్రస్థానం పొందింది. తీగ స్థానంలో ఇప్పుడు కదలికను, వేడిని పసిగట్టే పరికరం వచ్చింది, గాజు ప్లేటు పోయింది, అంతే తేడా. 2008లో హిమపాతం మధ్య నడుస్తున్న మంచు చిరుత, 2020లో రష్యా తూర్పు కొసన చెట్టును కౌగిలించుకున్న ఆడపులి ప్రథమ బహుమతి పొందాయి. రెండూ ఇలా తీసినవే. ఆ పులి చిత్రం కోసం సెర్గీ గోర్ష్‌కోవ్ 11 నెలలకు పైగా నిరీక్షించారు. 2016లో నగర విభాగంలో గెలిచిన నయన్ ఖనోల్కర్ చిత్రం ముంబయిలోని ఆరే కాలనీ సందులో నడిచిపోతున్న చిరుతది. ఛాంపియన్ ఆ బొమ్మను చూసి ఉంటే చిరుతను వెంటనే గుర్తుపట్టేవారు, ఆ గోడలను చూసి మాత్రం నివ్వెరపోయేవారు.

ఇదే పోటీ తలవంచుకున్న సందర్భాలూ ఉన్నాయి. 2009లో కంచె తలుపు మీదుగా దూకుతున్న తోడేలు చిత్రానికి ప్రథమ బహుమతి ఇచ్చారు. అది అడవి తోడేలు కాదని, శిక్షణ పొందిన మచ్చిక జంతువు అయి ఉండవచ్చని తేల్చి 2010 జనవరిలో బహుమతి వెనక్కి తీసుకున్నారు. 2017లో ఒక విభాగంలో గెలిచిన చీమలభక్షిణి చిత్రం కూడా అంతే. అందులోని జంతువు గడ్డి కూరిన బొమ్మ అని నిపుణులు తేల్చడంతో 2018లో దాన్ని తొలగించారు. ఇద్దరు ఛాయాగ్రాహకులూ ఆ ఆరోపణలను అంగీకరించలేదు. అంతర్జాతీయ ఛాయాచిత్ర సంఘాలు ఉమ్మడిగా ఆమోదించిన నిర్వచనం ప్రకారం, వన్యప్రాణి చిత్రంలో జంతువు బంధనం లేకుండా, స్వేచ్ఛగా, తన ఆవాసంలో ఉండాలి. బోనులోనిది, పెంచినది పనికిరాదు. చిత్రం కన్నా ఆ ప్రాణి క్షేమమే ముఖ్యం. ఈ నియమం కాగితం మీదకు ఎక్కడానికి దశాబ్దాల ముందే, అడిగేవారూ బహుమతి ఇచ్చేవారూ లేనప్పుడు, శివాలిక్ వాగుల్లో ఒక మనిషి దాన్ని పాటించాడు. పెంపుడు పులిని తెచ్చి నిలబెట్టడం ఆ రోజుల్లో ఏ సంస్థానాధీశుణ్ణి అడిగినా సాధ్యమయ్యే పనే.

అయితే ఛాంపియన్‌ను పూర్తిగా నిర్దోషి అనడానికి నా మనసు ఒప్పుకోదు. చీకటికి అలవాటుపడిన కళ్ల ముందు మెగ్నీషియం పొడి భగ్గుమంటే ఏ పులీ ఉలిక్కిపడక మానదు. నేటి కఠినమైన న్యాయనిర్ణేతల ముందుకు వెళితే ఆ చిత్రాల్లో కొన్నిటికి ప్రశ్నలు తప్పవు. కానీ ఆ మెరుపు తరువాత పులి బతికే ఉంది, తన దారిన తాను పోయింది. అదే దారిలో, అదే ఏడాది, తుపాకీ మెరుపు చూసిన పులులకు ఆ అవకాశం దొరకలేదు.

ఇక చారల సంగతి. 1990ల ఆరంభంలో ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహొళె అడవిలో కెమెరాలు అమర్చి, చారలను బట్టి పులులను విడివిడిగా గుర్తించి, గణాంక పద్ధతితో వాటి సంఖ్యను అంచనా వేశారు. పాదముద్రలు లెక్కించే పాత పద్ధతికి దాంతో కాలం చెల్లింది. 2018 జాతీయ పులుల గణనలో దేశవ్యాప్తంగా 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు. వాటికి 3 కోట్ల 48 లక్షలకు పైగా చిత్రాలు చిక్కాయి. అందులో పులులవి 76,651. ఆ చారలన్నీ సరిపోల్చితే తేలిన వేర్వేరు పులులు, కూనలను మినహాయించి, 2,461. మొత్తం పులుల సంఖ్య 2,967 అని అంచనా వేశారు. కెమెరాలతో జరిగిన అతిపెద్ద వన్యప్రాణి సర్వేగా అది గిన్నిస్ రికార్డుల్లో చేరింది.

ఆ గణనలో మన నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అభయారణ్యాలూ ఉన్నాయి. నల్లమలలో అటవీ సిబ్బంది ముందు బాటల మీద, వాగుల ఇసుకలో పాదముద్రలు వెతుకుతారు. పులి నడిచే దారి తేలాక, దానికి ఇరువైపులా ఎదురెదురుగా రెండు కెమెరాలను మోకాలి ఎత్తున బిగిస్తారు. పులి కుడి పక్క చారలు ఎడమ పక్క చారల్లా ఉండవు కనుక రెండు కావాలి. తరువాత దారిలో తామే ఒకసారి నడిచి, కెమెరా పనిచేస్తున్నదో లేదో చూసుకుని, చీకటి పడకముందే అక్కడి నుంచి వెళ్లిపోతారు.